మణికట్టు మీద నాడి: వాచీ ఎలా కట్టుకోవాలి, ఎప్పుడు ఛాతీ పట్టీ కొనాలి

నాడి చూసే వైద్యుడు మూడు వేళ్లనూ మణికట్టు లోపలి వైపు, బొటనవేలి మొదలుకు కాస్త దిగువన ఆనిస్తాడు. అక్కడ ధమని చర్మానికి దగ్గరగా, ఎముక మీదుగా పోతుంది. అందుకే ప్రతి పోటూ వేలికి స్పష్టంగా తగులుతుంది. మనం ఫిట్‌నెస్ వాచీ పెట్టుకునేది సరిగ్గా దానికి అవతలి వైపు. అక్కడ అంత పెద్ద ధమని లేదు. చర్మంలో సన్నని రక్తనాళాలు, వాటి కింద ఎముకలు, కండరాలను ఎముకలకు కట్టే తాళ్లు మాత్రమే ఉంటాయి. వాచీ వెనుక మినుకుమినుకుమనే ఆకుపచ్చ దీపం ఆ సన్నని నాళాల మీద వెలుగు పడేసి, తిరిగి వచ్చిన వెలుగెంతో చూస్తుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా అక్కడ రక్తం కొద్దిగా పెరుగుతుంది. రక్తం ఆకుపచ్చ వెలుగును పీల్చుకుంటుంది కాబట్టి తిరిగి వచ్చే వెలుగు ఆ మేరకు తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులను లెక్కపెట్టి వాచీ మనకు అంకె చూపిస్తుంది.

పద్ధతి కొత్తదేమీ కాదు. ఆల్‌రిక్ హెర్ట్జ్‌మన్ అనే శాస్త్రవేత్త 1937లోనే చేతివేళ్లలో, కాలివేళ్లలో రక్తం మారే తీరును వెలుగుతో కొలిచి ప్రచురించాడు. ఆసుపత్రిలో వేలికి తగిలించే క్లిప్పుదీ ఇదే సూత్రం. కాకపోతే ఆసుపత్రి మంచం మీద వేలు కదలదు, పరిగెత్తే మనిషి చేయి క్షణం కూడా ఆగదు. గుండె వల్ల వెలుగులో వచ్చే మార్పు చాలా చిన్నది. వాచీ చర్మం మీద అర మిల్లీమీటరు జారితే వచ్చే మార్పు దానికన్నా పెద్దది. వాచీ పెట్టే తప్పుల్లో చాలా వాటికి మూలం ఇదే.

కాబట్టి అంకె తేడాగా వస్తోందని వెంటనే కొత్త వాచీ కొనకండి. ముందు అది కూర్చున్న చోటు, బిగింపు మార్చి చూడండి. అయినా మీరు చేసే వ్యాయామానికి మణికట్టు సరిపోలేదంటే, అప్పుడు డబ్బు పెట్టాల్సింది ఇంకా ఖరీదైన వాచీ మీద కాదు. గుండె వేగాన్ని కొలిచే ఛాతీ పట్టీ మీద, లేదా చేతి కండకు కట్టుకునే ఆర్మ్ బ్యాండ్ మీద పెట్టాలి. ఎనిమిదేళ్లుగా పరిగెడుతూ, ఇంట్లో ముగ్గురికి వాచీలు ఎంపిక చేసి కట్టిపెట్టిన అనుభవంతో ఈ మాట చెబుతున్నాను.

ఎక్కడ కట్టాలి, ఎంత బిగించాలి

చిటికెన వేలి వైపు మణికట్టు మీద గుండ్రంగా పొడుచుకు వచ్చే ఎముకను తడిమి చూడండి. చాలామంది వాచీని ఆ ఎముక మీదనో, దానికి ముందు అరచేతి వైపో పెట్టుకుంటారు. టైము చూసుకోవడానికి అది బాగానే ఉంటుంది, నాడికి మాత్రం అది చెడ్డ చోటు. ఎముక మీద వాచీ ఒక పక్కకు ఎత్తుకుని నిలబడుతుంది. ఆ సందులోంచి బయటి వెలుగు లోపలికి దూరుతుంది. పైగా చేయి వెనక్కి వంచిన ప్రతిసారీ వాచీ లేచి పడుతుంది.

వాచీని ఆ ఎముక దాటించి మోచేతి వైపు జరపండి. మామూలు సమయంలో ఒక వేలు మందం దూరం చాలు. వ్యాయామం చేసేటప్పుడు రెండు మూడు వేళ్ల మందం జరపాలి. అక్కడ ముంజేతికి కాస్త కండ ఉంటుంది, సెన్సర్ పూర్తిగా చర్మానికి అంటుకుని కూర్చుంటుంది. సన్నని చేతులున్నవారికి ఈ ఒక్క మార్పుతోనే తేడా కనిపిస్తుంది. మా అమ్మాయి చేయి సన్నం, ఆమె వాచీ వెడల్పు. ఎముక మీద ఉన్నంతకాలం స్కిప్పింగ్ చేసేటప్పుడు అంకె మధ్యమధ్యలో మాయమయ్యేది. మూడు వేళ్లు పైకి జరిపాక ఆ బాధ తప్పింది.

బిగింపుకు నేను వాడే కొలత ఇది. వాచీని వేలితో పక్కకు నెట్టి చూడండి. వాచీతో పాటు కింద చర్మం కూడా కదిలితే బిగువు సరిపోయింది. చర్మం కదలకుండా వాచీ ఒక్కటే జారితే వదులుగా ఉందని అర్థం. వేళ్లు తిమ్మిరెక్కినా, విప్పాక చాలాసేపు లోతైన గాడి మిగిలినా బిగువు ఎక్కువైనట్టు. అతిగా బిగిస్తే ఆ చోట రక్తం పారడమే తగ్గుతుంది, సెన్సర్‌కు చూడటానికి ఏమీ మిగలదు. ‘ఎంత బిగిస్తే అంత మంచిది’ అనుకుని చేతికి నొప్పి తెచ్చుకున్నవాళ్లను చూశాను. వ్యాయామం ముగిశాక ఒక రంధ్రం వదులు చేయడం తప్పనిసరి. చెమట కింద నిలిచిపోతే చర్మం ఎర్రబడి దురద పెడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి ఉక్కపోత ఊళ్లలో ఇది ఇంకా త్వరగా వస్తుంది.

పట్టీ గురించి కూడా ఒక మాట. రంధ్రాలున్న సిలికాన్ పట్టీతో చిక్కేమిటంటే, ఒక రంధ్రం దగ్గర వదులు, తర్వాతి రంధ్రం దగ్గర బిగువు. మన చేతికి కావలసింది ఆ రెంటి మధ్యలో ఉంటుంది. వెల్క్రోతో అంటుకునే నైలాన్ పట్టీతో కావలసినంత దగ్గరే ఆపవచ్చు, అది కొద్దిగా సాగుతుంది కూడా. పరుగులో చేయి ఉబ్బినా పట్టు పోదు. చెమటకు తడిసి ఆరడానికి సమయం పడుతుంది, వారానికోసారి ఉతకాలి. అయినా అంకె నాణ్యత విషయంలో నా ఓటు నైలాన్‌కే. ఈతకు సిలికాన్ మేలు. స్టీలు గొలుసు, తోలు పట్టీలు పెళ్లిళ్లకు, ఆఫీసుకు ఉంచుకోండి.

ఏ చేయి అంటే, మీరు తక్కువగా వాడే చేయి. కుడిచేతి వాటం వారికి ఎడమ చేయి. మన ఇళ్లలో దీనికో చిక్కు ఉంటుంది. ఎడమ చేతికి గాజులు, గుడిలో కట్టిన ఎర్ర దారం, నోము తోరం. గాజులు నడకలో వాచీని తడుతూనే ఉంటాయి. దారం జారి సెన్సర్ కిందకు చేరుతుంది. మా అమ్మ వాచీ రోజూ నడకలో 60 దగ్గరే ఆగిపోయేది. నేను వాచీ పాడైందనుకున్నాను. తీసి చూస్తే తోరం ముడి సరిగ్గా సెన్సర్ కింద ఉంది! గాజులు, తోరం తీయమని అడగలేదు. వాచీని గాజుల కన్నా పైకి, ముంజేయి మీదకు జరిపి, పట్టీని పైన కట్టాం. వాచీని అరచేతి వైపు తిప్పి పెట్టుకోవచ్చా అని కొందరు అడుగుతారు. వాచీ అడుగు భాగాన్ని మణికట్టు పైభాగం ఆకారానికి తగ్గట్టు చేస్తారు కాబట్టి వద్దంటాను. పైన పచ్చబొట్టు ఉన్నవారు మాత్రం లోపలి వైపు ప్రయత్నించి చూడవచ్చు. పచ్చబొట్టు సిరా వెలుగును అడ్డుకుంటుంది కాబట్టి, దాని మీద వాచీ పెట్టి ఎంత బిగించినా లాభం లేదు.

సెన్సర్ అద్దం మీద కొబ్బరినూనె, సన్‌స్క్రీన్ జిడ్డు పొరలా పేరుకుంటుంది. మెత్తని తడిగుడ్డతో తుడవండి. ఇంతకన్నా చవకైన మరమ్మతు లేదు.

గుండెకు బదులు అడుగులను లెక్కపెట్టే వాచీ

తేలికగా, పక్కవారితో మాట్లాడుతూ పరిగెత్తుతున్నాను. వాచీలో 172 కనిపించింది. ఆగి మెడ దగ్గర వేళ్లు పెట్టి లెక్కపెడితే 138. ఆ రోజు నా అడుగుల వేగం చూసుకుంటే నిమిషానికి 172. అంటే వాచీ నా గుండెను కాదు, నా కాళ్లను లెక్కపెట్టింది. పరుగులో ప్రతి అడుగుకూ చేయి ఒకసారి అదురుతుంది, ఆ అదురుకు చర్మం కింద రక్తమూ ఊగుతుంది. వదులుగా ఉన్న వాచీ ఆ లయనే నాడి అనుకుంటుంది.

పరుగులో ఈ తప్పు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నడకలో కనిపించదు, అందుకే నడిచేవారు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. చురుకైన నడకలో అడుగులు నిమిషానికి 110, 120 దాకా ఉంటాయి. చాలామందికి ఆ నడకలో గుండె వేగమూ అటూ ఇటూగా అంతే ఉంటుంది. వాచీ అడుగులను లెక్కపెడుతున్నా అంకె నమ్మదగినట్టే కనబడుతుంది. పట్టుకోవడానికి ఒక దారి ఉంది. ముప్పై సెకన్ల పాటు అడుగులు లెక్కపెట్టి రెట్టింపు చేయండి. వాచీ అంకె కూడా అచ్చంగా అంతే ఉంటే, నడక వేగం కావాలనే మార్చండి. అడుగుల వెంటే అంకె కూడా తక్షణం మారితే అది గుండె కాదు. గుండె వేగం మెల్లగా ఎక్కి, మెల్లగా దిగుతుంది. అలా దొరికినప్పుడు నిలబడి, వాచీని పైకి జరిపి బిగించి, అంకె కుదుటపడ్డాక మళ్లీ నడవండి.

వాచీ ఉన్న చేత్తో దేన్నైనా గట్టిగా పట్టుకోవడం కూడా నాడి లెక్కకు శత్రువే. అలిపిరి దారిలో దాదాపు 3,550 మెట్లు. మోకాళ్ళ పర్వతం దగ్గర రొప్పుతూ చూసుకుంటే నా వాచీ 96 అంది. ఊపిరి అందడం లేదు, గుండె చెవుల్లో వినిపిస్తోంది, అంకె మాత్రం 96! వాచీ ఉన్న చేత్తోనే పక్కనున్న కమ్మీని గట్టిగా పట్టుకుని ఎక్కుతున్నానని అప్పుడు గమనించాను. పిడికిలి బిగిస్తే ముంజేతి కండరాలు, తాళ్లు బిగిసి చర్మం కింద రక్తం పారే తీరే మారిపోతుంది. చేయి వదిలి నిలబడ్డాక అంకె కొద్ది సెకన్లలో 150 దాటింది. జిమ్‌లో డంబెల్స్, దండీలు, సూర్యనమస్కారాలు, సైకిల్ హ్యాండిల్, బ్యాడ్మింటన్ బ్యాట్ అన్నింటిలోనూ జరిగేది ఇదే.

చలి సంగతి వేరు. చలికి శరీరం చేతుల్లోని రక్తనాళాలను ముడుచుకునేలా చేసి వేడిని కాపాడుకుంటుంది. డిసెంబరు తెల్లవారుజామున లంబసింగిలోనో ఆదిలాబాద్‌లోనో మొదటి పది, పదిహేను నిమిషాలు మణికట్టు అంకెను పెద్దగా పట్టించుకోకండి. పొడవు చేతుల చొక్కా వేసుకుని, ఇంట్లోనే కాస్త ఒళ్లు వేడి చేసుకుని బయలుదేరితే మేలు.

చామనఛాయ చర్మం మీద ఈ వాచీలు పనిచేయవన్న మాట ప్రచారంలో ఉంది. నలుపు వర్ణకం ఆకుపచ్చ వెలుగును పీల్చుకుంటుందన్నది నిజమే. అయితే డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో ప్రచురించిన పరీక్షలో చర్మపు రంగును బట్టి చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తేడా తెచ్చినవి రెండు: ఏ కంపెనీ పరికరం, ఒళ్లు కదులుతోందా లేదా. విశ్రాంతిలో కన్నా కదలికలో తప్పు సగటున 30 శాతం ఎక్కువైంది. ఆ ఫలితం చూశాక, రంగు గురించి బెంగపడటం మాని బిగింపు గురించి ఆలోచించడం నేర్చుకున్నాను.

మణికట్టా, చేతి కండా, ఛాతీనా

ఛాతీ పట్టీ చేసే పని పూర్తిగా వేరు. అది వెలుగును వాడదు. గుండె కొట్టుకునే ముందు పుట్టే విద్యుత్తును చర్మం మీద నుంచి అందుకుంటుంది. ఈసీజీ యంత్రం పట్టుకునేది కూడా దాన్నే. 1977లో ఫిన్లాండ్‌లో మొదలైన పోలార్ సంస్థ, శిక్షణలో ఉన్న క్రీడాకారుల కోసం 1980ల తొలినాళ్లలోనే తీగలు లేని ఛాతీ పట్టీని తెచ్చింది. నలభై ఏళ్లు దాటినా కచ్చితత్వంలో దాన్ని మించింది ఇంకా రాలేదు. 2017లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ వైద్యులు 50 మందిని ట్రెడ్‌మిల్ మీద నడిపించి, పరిగెత్తించి, మణికట్టు పరికరాలనూ ఛాతీ పట్టీనీ ఈసీజీతో పోల్చారు. ఛాతీ పట్టీ ఈసీజీతో దాదాపు పూర్తిగా కలిసింది, మణికట్టువి దానికి వెనకబడ్డాయి. వాచీలు అప్పటికన్నా బాగుపడ్డాయి. కానీ చేయి ఊగుతుంది, ఛాతీ ఊగదు. ఆ తేడా ఎప్పటికీ ఉంటుంది.

ఇంకొకటి ఆలస్యం. వాచీ కొన్ని సెకన్ల వెలుగును పోగుచేసి సగటు తీసి చెబుతుంది. నిదానంగా గంట పరిగెత్తితే అది ఇబ్బంది కాదు. ముప్పై సెకన్లు ప్రాణం పెట్టి పరిగెత్తి ముప్పై సెకన్లు ఆగే వ్యాయామంలో మాత్రం, మీరు ఆగాక వాచీ అంకె పైకెక్కడం మొదలవుతుంది. అటువంటి శిక్షణ చేసేవారికి ఛాతీ పట్టీ తప్ప వేరే సలహా ఇవ్వను.

దాని ఇబ్బందులూ చెప్పాలి. పొడిగా కట్టుకుంటే మొదటి పది నిమిషాలు పిచ్చి అంకెలు వస్తాయి, కాబట్టి లోపలి మెత్తని భాగాన్ని నీళ్లతో తడిపి కట్టుకోవాలి. రొమ్ము కింద ఎముకకు ఆనేలా ఉండాలి, గట్టిగా ఊపిరి పీల్చినా జారకూడదు. ఆడవాళ్లకు స్పోర్ట్స్ బ్రా అంచుతో కలిసి రాపిడి పెట్టడం నిజమైన కష్టమే. మా చెల్లెలు ఆ కారణంగానే దాన్ని పక్కన పెట్టింది. వాడాక నీళ్లతో కడగాలి, పట్టీ నుంచి గుండీలాంటి సెన్సర్‌ను విడదీయాలి. లేకపోతే తడికి అది పనిచేస్తూనే ఉండి బ్యాటరీ తింటుంది. బ్యాటరీ మామూలు నాణెంలాంటిదే. పోలార్ హెచ్10కు సీఆర్2025 పడుతుంది, దానికి 400 గంటలు వస్తుందని కంపెనీ చెబుతుంది. పట్టీ గుడ్డ అరిగితే గుడ్డ మాత్రమే మార్చుకోవచ్చు.

ఆర్మ్ బ్యాండ్ ఈ రెంటికీ మధ్యది. అదీ వెలుగుతోనే పనిచేస్తుంది, కానీ మోచేతి కింద కండ మీదనో, మోచేతి పైన దండచేయి మీదనో కూర్చుంటుంది. అక్కడ ఎముక లోతున ఉంటుంది, కండ మెత్తగా ఉంటుంది, మణికట్టు వంగినా దానికి తెలియదు. బరువులెత్తేవారికి, బ్యాడ్మింటన్, క్రికెట్ ఆడేవారికి, ఛాతీ పట్టీ రాపిడి తట్టుకోలేనివారికి నేను మొదట చెప్పేది దీన్నే. చెల్లెలికి అదే కుదిరింది. ఆలస్యం కొంత ఉంటుంది, ఛార్జింగు పెట్టాలి. నాడి కొలిచే వేలి ఉంగరాలు నిద్రకు, విశ్రాంతి నాడికి బాగుంటాయి. బరువులు పట్టుకునే చేతికి మాత్రం వద్దు.

కొనేముందు ఒకటి తప్పక చూడండి. మీ వాచీ బయటి హార్ట్ రేట్ సెన్సర్‌ను కలుపుకుంటుందా? యాపిల్ వాచీ బ్లూటూత్ పట్టీలను కలుపుకుంటుంది. గార్మిన్ పరుగు వాచీల్లో చాలా వాటికి బ్లూటూత్‌తో పాటు, సెన్సర్లను తీగ లేకుండా కలిపే మరో పద్ధతి యాంట్ ప్లస్ కూడా ఉంటుంది. తక్కువ ధర వాచీల్లో చాలా వాటికి ఈ సౌకర్యమే ఉండదు. అలాంటప్పుడు పట్టీని నేరుగా ఫోనులోని యాప్‌కు కలపాలి, ఫోను వెంట ఉండాలి. ఈతగాళ్లకు ఇంకో మాట. బ్లూటూత్ నీళ్లలో అంగుళాల దూరం కూడా సరిగ్గా పోదు. పట్టీ తనలోనే లెక్క దాచుకుని, బయటికి వచ్చాక వాచీకి అందించే రకం అయితేనే కొనండి.

రోజూ పార్కులో గంట నడిచి, రాత్రి నిద్రలో నాడి ఎంతుందో చూసుకునేవారికి ఉన్న వాచీ చాలు. పైన చెప్పినట్టు కట్టుకోండి, పైసా ఖర్చు పెట్టవద్దు. హైదరాబాద్ మారథాన్ లాంటి వాటికి సిద్ధమయ్యేవారు తేలిక పరుగులకు వాచీ, వేగం పెంచే రోజులకు ఛాతీ పట్టీ వాడితే సరిపోతుంది.

అంకెను నమ్మేముందు

నెలకోసారి వాచీని పరీక్షించండి. చూపుడు వేలు, మధ్య వేలు మణికట్టు లోపలి వైపు ఆనించి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించండి. బొటనవేలు వాడకండి, దానికీ సొంత నాడి ఉండి లెక్క తప్పిస్తుంది. కూర్చున్నప్పుడు ఒకసారి, మెట్లెక్కి ఆగిన వెంటనే ఒకసారి చూడండి. నాలుగైదు అటూ ఇటూ ఉంటే సరే. ఇరవై తేడా ఉంటే మళ్లీ చోటు, బిగింపు దగ్గర మొదలుపెట్టండి.

అంకె సరిగ్గా వచ్చినా దాని పక్కన వాచీ చూపే రంగు జోన్లు, అంటే వ్యాయామం ఎంత తీవ్రంగా ఉందో చెప్పే మెట్లు, తప్పు కావచ్చు. వాటిని గుండె గరిష్ఠ వేగాన్ని బట్టి లెక్కిస్తారు. గరిష్ఠ వేగాన్ని 220 లోంచి వయసు తీసేసి లెక్కిస్తే 60 ఏళ్ల మనిషికి 160 వస్తుంది. 2001లో వచ్చిన మరో సూత్రం ప్రకారం, అంటే వయసులో పదింట ఏడు వంతులు 208 లోంచి తీస్తే, 166 వస్తుంది. రెండూ సగటులే. ఒక్కో మనిషికి పది పన్నెండు తేడా ఉండటం మామూలే. కేలరీలనైతే అసలు నమ్మవద్దు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 2017లో 60 మంది మీద ఏడు మణికట్టు పరికరాలను పరీక్షిస్తే, ఆరు గుండె వేగాన్ని 5 శాతం లోపు తేడాతో చెప్పాయి. కేలరీల దగ్గర అన్నింటిలో మెరుగైనదే సగటున 27 శాతం తప్పింది, అధ్వాన్నమైనది 93 శాతం. వాచీ 400 కేలరీలు కరిగాయంది కదా అని ఇంకో రెండు గారెలు వడ్డించుకోకండి.

బీపీకో గుండెకో బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవారికి గుండె వేగం మందు వల్లే తగ్గి ఉంటుంది. వాచీ జోన్లు వారికి వర్తించవు, ఎంత వేగం దాకా వెళ్లవచ్చో డాక్టరునే అడగాలి. గుండె లయ తప్పేవారిలో కొన్ని పోట్లు మణికట్టు దాకా బలంగా రావు. అప్పుడు వెలుగు సెన్సర్ అసలు కన్నా తక్కువ చూపించే అవకాశం ఉంది. పేస్‌మేకర్ ఉన్నవారు ఛాతీ పట్టీ కట్టుకునే ముందు తప్పనిసరిగా డాక్టరు మాట తీసుకోవాలి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, కారణం లేని ఆయాసం ఉంటే వాచీ 78 అని చూపినా ఆసుపత్రికి వెళ్లండి. ఆ అంకె చూసి ఇంట్లో కూర్చోవద్దు.

మా అమ్మ ఇప్పుడు నడకకు బయలుదేరే ముందు గుమ్మం దగ్గర నిలబడి వాచీని గాజుల పైకి జరిపి, వేలితో నెట్టి చర్మం కదులుతోందో లేదో చూసుకుంటుంది. ఇంటికి వచ్చాక ఒక రంధ్రం వదులు చేసి, చేయి కడుక్కునేటప్పుడు వాచీ అడుగు భాగాన్నీ తుడుస్తుంది. ఆమెకు ఛాతీ పట్టీ అవసరం రాలేదు. నాకు మంగళ, శుక్రవారాల్లో వేగం పరుగు ఉంటుంది కాబట్టి, ఆ రెండు రోజులూ స్నానాల గది కొక్కేనికి వేలాడే పట్టీని తడిపి కట్టుకుని వెళతాను.